స్పీకర్ పక్కన దండం, దాన్ని మోసే ఉద్యోగి

ఈ ఎపిసోడ్‌లో పైపైన చెప్పి వదిలేసిన సంగతి ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

స్టేట్ ఆఫ్ ది యూనియన్ రోజు టీవీ పెడితే, ప్రెసిడెంట్ వచ్చారని సభలో గట్టిగా ప్రకటించే మనిషి కనిపిస్తారు. ఆ పదవి పేరు సార్జెంట్ ఎట్ ఆర్మ్స్. ప్రతినిధుల సభలో ఇది 1789 నుంచీ ఉంది. మన అసెంబ్లీల్లో మార్షల్స్ ఉంటారు కదా, ఇంచుమించు అదే పని. కాకపోతే ఇక్కడ ఆ పదవికి సభ్యులే ఎన్నుకుంటారు, భద్రత బాధ్యత కూడా ఉంటుంది.

ఈ అధికారి చేతి గుర్తు మేస్ అనే దండం. 13 నల్ల కర్రల కట్ట, పైన వెండి గద్ద. 13 అంటే మొదటి రాష్ట్రాల లెక్క. పాతది 1814లో బ్రిటిష్ సైన్యం క్యాపిటల్‌ని తగలబెట్టినప్పుడు పోయింది. ఇప్పుడున్నది 1841లో న్యూయార్క్ వెండిపనివాడు విలియం ఆడమ్స్ చేసింది. సభలో గొడవ ముదిరితే, స్పీకర్ చెప్పగానే ఈ దండాన్ని గొడవ చేస్తున్న సభ్యుడి ముందుకి తెస్తారు. కొట్టడానికి కాదు, సభ మాట వినమని.

ఇదంతా ఉత్త ఆచారమే అనుకుంటాం. కానీ 1988 ఫిబ్రవరిలో కోరం లేకుండా చెయ్యాలని కొందరు సెనేటర్లు సభకి రావడం మానేశారు. సెనేట్ సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ హెన్రీ జూనీ మనుషులతో వెళ్లి, అర్ధరాత్రి దాటాక బాబ్ ప్యాక్‌వుడ్ అనే సెనేటర్‌ని లోపలికి మోసుకొచ్చారు, కాళ్లు ముందు పెట్టి! 2021 జనవరి 6న గుంపు క్యాపిటల్‌లోకి చొరబడ్డాక రెండు సభల సార్జెంట్లూ పదవులు వదులుకోవాల్సి వచ్చింది.

వీసా మీద ఉన్న మనకి యూనిఫాం కనిపిస్తే ఓ అడుగు వెనక్కి వెయ్యడం అలవాటు. ఓటు లేదు, మనకెందుకులే అనిపిస్తుంది. నాకు మాత్రం ఇక్కడొకటి నచ్చింది: ఓట్లతో గెలిచిన సెనేటర్‌ని కూడా రూలు ప్రకారం ఒక ఉద్యోగి పట్టుకురాగలడు.

వాషింగ్టన్ వెళ్తే చూసి రండి. విదేశీయులు కూడా క్యాపిటల్ విజిటర్ సెంటర్‌లో గ్యాలరీ పాస్ అడగొచ్చు. పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి, గ్యాలరీలోకి ఫోన్ రానివ్వరు. కూర్చున్నాక స్పీకర్ కుడిచేతివైపు చూడండి. దండం ఎత్తు దిమ్మె మీద ఉంటే సభ మామూలుగా నడుస్తోందని, కిందకి దించి ఉంటే సభ మొత్తం కమిటీగా కూర్చుందని అర్థం.