బాస్కెట్‌బాల్‌లో గెలవాలంటే జట్టులో పొడగరి ఉండాల్సిందేనా?



పాఠశాల జట్ల ఎంపిక మొదలైందంటే చాలు, ధర్మవరమైనా హిందూపురమైనా పెనుకొండైనా తల్లిదండ్రుల సమావేశాల్లో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి: "మావాడు క్లాసులో అందరికంటే పొడుగు సార్, బాస్కెట్‌బాల్‌లో వేయండి." రెండోది: "మా పాపకు ఎత్తు లేదు కదా మేడమ్, ఆ ఆట ఎందుకులెండి?"

రెండు మాటల వెనకా ఉన్న నమ్మకం ఒకటే. బాస్కెట్‌బాల్ అంటే ఎత్తు, ఎత్తున్నవాడు జట్టులో ఉంటే గెలుపు ఖాయం. ఈ నమ్మకంలో నిజం ఎంత? బాస్కెట్‌బాల్ చరిత్రలోనే దీనికి మంచి సమాధానాలున్నాయి. మీ పిల్లల ఆట గురించి నిర్ణయం తీసుకునే ముందు వాటిని ఒకసారి చూద్దాం.

ఎత్తు ఎందుకు కలిసొస్తుంది?

బాస్కెట్‌బాల్ రింగు నేల నుంచి 10 అడుగుల ఎత్తులో ఉంటుంది. ఆడేవారు ఐదడుగులున్నా ఏడడుగులున్నా ఆ ఎత్తు మారదు. కాబట్టి పొడుగ్గా, బలంగా ఉన్న ఆటగాడికి మూడు పనులు తేలికవుతాయి. రింగు దగ్గర నిలబడి బంతి వేయడం మొదటిది. గురి తప్పి వెనక్కి వచ్చిన బంతిని అందుకోవడం, అంటే రీబౌండ్, రెండోది. ఎదుటివారు రింగు దగ్గరికి వచ్చి బంతి వేయకుండా అడ్డుకోవడం మూడోది. ఈ మూడు పనులూ చేసే ఆటగాణ్ణి 'సెంటర్' అంటారు. వాడుకలో 'బిగ్ మ్యాన్' అనీ అంటారు.

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను మొదలుపెట్టారు. అప్పట్లో రింగులు లేవు, పీచ్ పండ్ల బుట్టలు కట్టి ఆడించారు. తరవాత యాభై ఏళ్లకు జార్జ్ మైకన్ వచ్చాడు. ఎత్తు 6 అడుగుల 10 అంగుళాలు. బుట్టలోకి దిగుతున్న బంతిని మైకన్ వంటి పొడగరులు చేత్తో కొట్టేస్తుంటే 1944లో అమెరికా కళాశాలల పోటీల్లో దాన్ని నిషేధించారు. వృత్తి ఆటగాడిగా అతను రింగు కిందే పాతుకుపోతున్నాడని, ఎక్కువసేపు నిలబడకూడని ఆ గడి వెడల్పును 1951లో 6 అడుగుల నుంచి 12 అడుగులకు పెంచారు. ఒక ఆటగాడి ఎత్తు వల్ల నియమాలనే మార్చాల్సి వచ్చిందంటే, ఎత్తుకు విలువ లేదని ఎవరూ అనలేరు.

వంద పాయింట్ల వీరుడు, పదకొండు ట్రోఫీల వీరుడు

అయితే పొడగరి ఉంటే చాలా? 1960ల నాటి ఇద్దరు సెంటర్ల కథ దీనికి జవాబు చెబుతుంది.

విల్ట్ చాంబర్లిన్ ఎత్తు 7 అడుగుల 1 అంగుళం. 1962 మార్చి 2న ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు చేశాడు. అమెరికా వృత్తి లీగ్ ఎన్‌బీఏలో ఆ రికార్డును నేటికీ ఎవరూ దాటలేదు. ఆ సీజన్‌లో అతని సగటు మ్యాచ్‌కు 50 పాయింట్లు పైనే. అయినా ఆ ఏడాది టైటిల్ గెలిచింది బాస్టన్ సెల్టిక్స్. ఆ జట్టు సెంటర్ బిల్ రస్సెల్. చాంబర్లిన్ కంటే పొట్టి, పాయింట్లు కూడా చాలా తక్కువ. కానీ 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచిన జట్టుకు అతనే మూలస్తంభం. చాంబర్లిన్ తన కెరీర్ మొత్తంలో గెలిచినవి 2.

తేడా ఎక్కడుంది? రస్సెల్ తన ఎత్తును జట్టు కోసం వాడాడు. ఎదుటివారి బంతిని అడ్డుకున్నప్పుడు చప్పట్ల కోసం దాన్ని గ్యాలరీలోకి కొట్టకుండా, తనవాళ్ల చేతిలో పడేలా తట్టేవాడు. ఆ బంతితో సహచరులు అప్పటికే అటువైపు పరుగు తీస్తుండేవారు. చాంబర్లిన్ గొప్ప ఆటగాడే, సందేహం లేదు. కానీ ఒక్కడే వంద చేయడం వేరు, ఐదుగురూ కలిసి గెలవడం వేరు.

మూడు పాయింట్ల గీత మార్చిన లెక్క

1979లో ఎన్‌బీఏ, 1984లో అంతర్జాతీయ సమాఖ్య ఫీబా కోర్టు మీద కొత్త గీత తెచ్చాయి. ఆ గీత బయట నుంచి వేసిన బంతికి రెండు కాదు, మూడు పాయింట్లు. ఫీబా నియమాల ప్రకారం ఇప్పుడు ఆ దూరం 6.75 మీటర్లు.

చిన్న లెక్క చేద్దాం. పిల్లలతో ఇంట్లో చేయించినా బాగుంటుంది. ఒక పొడగరి రింగు దగ్గర నుంచి 10 సార్లు వేస్తే 6 పడ్డాయి అనుకుందాం. 12 పాయింట్లు. ఎత్తు తక్కువ ఉన్న మరొకరు గీత బయట నుంచి 10 సార్లు వేస్తే 4 మాత్రమే పడ్డాయి. అవీ 12 పాయింట్లే! అంటే గురి ఉంటే దూరం నుంచి కూడా ఎత్తుతో పోటీ పడవచ్చు. పైగా దూరం నుంచి గురి తప్పని ఆటగాళ్లు ఉంటే, ఎదుటి జట్టు పొడగరి రింగు కింద హాయిగా నిలబడలేడు. వాళ్లను అడ్డుకోవడానికి బయటికి రావాల్సిందే.

2015 జూన్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు దీన్ని అందరికీ చూపించింది. ఎన్‌బీఏ ఫైనల్స్‌లో క్లీవ్‌లాండ్‌పై 1-2తో వెనకబడి ఉన్నప్పుడు, నాలుగో మ్యాచ్‌కు తమ 7 అడుగుల సెంటర్ ఆండ్రూ బోగట్‌ను ఆరంభ జట్టు నుంచి తప్పించి, 6 అడుగుల 6 అంగుళాల ఆండ్రే ఇగ్వడాలాను దించింది. ఆ మ్యాచ్‌లో క్లీవ్‌లాండ్ పొడగరి టిమొఫే మోజ్‌గోవ్ 28 పాయింట్లు చేశాడు. అయినా వారియర్స్ 103-82తో గెలిచింది, తరవాతి రెండూ గెలిచి టైటిల్ ఎత్తుకుంది. పొడగరిని కొంత వదిలేసి మిగతా నలుగురినీ కట్టడి చేయవచ్చని, వేగంతో అతన్ని అలసిపోయేలా చేయవచ్చని ఆ వారం తేలిపోయింది.

జపాన్ అమ్మాయిలు ఎంతవరకు వెళ్లారు? ఎక్కడ ఆగారు?

ఆడపిల్లల తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాల్సిన ఉదాహరణ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌ది. జపాన్ మహిళల జట్టు సగటు ఎత్తు సుమారు 5 అడుగుల 9 అంగుళాలు. ఈ స్థాయిలో అది తక్కువే. వాళ్ల అతి పొడుగు తార రాము తొకాషికి గాయంతో జట్టుకు దూరమైంది. అందుకే కోచ్ టామ్ హొవాస్ పరుగు, పాస్, మూడు పాయింట్ల గురి మీదే ఆటను నిర్మించారు.

క్వార్టర్ ఫైనల్లో బెల్జియంపై 86-85తో, చివరి క్షణాల్లో సాకి హయాషి వేసిన మూడు పాయింట్ల బంతితో గెలిచారు. సెమీస్‌లో ఫ్రాన్స్‌ను ఓడించారు. ఆ మ్యాచ్‌లో 5 అడుగుల 4 అంగుళాల రుయి మాచిదా 18 అసిస్టులు చేసి ఒలింపిక్ రికార్డు నెలకొల్పింది. అసిస్టు అంటే పాయింటుగా మారిన పాస్. అంటే జట్టులోని చిన్న అమ్మాయి 18 సార్లు తోటివారి చేత పాయింట్లు చేయించింది.

ఫైనల్లో మాత్రం అమెరికా 90-75తో గెలిచింది. 6 అడుగుల 9 అంగుళాల బ్రిట్నీ గ్రైనర్ 30 పాయింట్లు చేసింది. ఈ కథలో రెండు భాగాలూ గుర్తుంచుకోవాలి. నైపుణ్యం, సమన్వయం, పరుగు ఎత్తు తక్కువ జట్టును ఒలింపిక్ రజతం దాకా తీసుకెళ్లాయి. అదే నైపుణ్యం ఎదుటి జట్టుకూ ఉండి, దానికి ఎత్తు తోడైతే మాత్రం గెలవడం కష్టం.

ఈ లెక్క మనకు కొత్తది కాదు. 2017 ప్రపంచ బ్యాడ్మింటన్ ఫైనల్లో మన పి.వి. సింధు, తనకంటే ముప్పావు అడుగు పొట్టిగా ఉన్న నొజోమి ఒకుహారా చేతిలో 110 నిమిషాల పోరులో ఓడింది. 2019 ఫైనల్లో అదే ఒకుహారాను 21-7, 21-7తో ఓడించింది. రెండేళ్లలో ఇద్దరి ఎత్తూ మారలేదు. ఆ రోజు ఎవరి ఆట పైచేయి అయిందన్నదే మారింది.

ఎత్తు ఒక్కటే ఉంటే?

పంజాబ్‌లోని బల్లోకే గ్రామానికి చెందిన సత్నాం సింగ్ ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు. 2015 జూన్‌లోనే, డల్లాస్ మావెరిక్స్ అతన్ని 52వ ఎంపికగా తీసుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు అతనే. గర్వించదగ్గ సంగతి. కానీ ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్‌లో ఆడే అవకాశం అతనికి రాలేదు. ఎత్తు గడప దాకా తీసుకెళ్తుంది. లోపల కుర్చీ వేయించుకోవడానికి ఇంకా చాలా కావాలి.

మరోవైపు సెర్బియాకు చెందిన నికోలా యోకిచ్‌ను చూడండి. అతనూ దాదాపు ఏడడుగుల సెంటరే. ఎత్తుకు ఎగిరేవాడు కాదు, వేగమూ అంతంతమాత్రం. 2014 డ్రాఫ్ట్‌లో 41వ స్థానంలో గానీ ఎంపిక కాలేదు. అయితే అతను పొట్టి ఆటగాళ్లు నేర్చుకునే పాస్‌లన్నీ నేర్చుకున్న పొడగరి. 2023లో డెన్వర్‌కు తొలి టైటిల్ తెచ్చాడు. ఆ ప్లేఆఫ్స్‌లో పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు మూడింట్లోనూ అందరికంటే ముందున్నాడు. అలా చేసిన మొదటి ఆటగాడు అతనే.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు ఇదీ. గెలవడానికి పొడగరి తప్పనిసరి కాదు, పొడగరి చేసే మూడు పనులు మాత్రం తప్పనిసరి. రింగు దగ్గర పాయింట్లు రావాలి, రీబౌండ్లు దక్కాలి, మన రింగుకు కాపలా ఉండాలి. ఒక మంచి పొడగరి ఉంటే ఆ పనులు తేలిక. లేకపోతే ఐదుగురూ పంచుకోవాలి. మన ధర్మవరం చీరకు జరీ అంచు అందం తెస్తుంది. కానీ ఒడలు నేత వదులైతే ఆ అంచు ఒక్కటే చీరను నిలబెట్టదు.

బడి పిల్లల విషయంలో ఒక జాగ్రత్త

అండర్-14 స్థాయిలో లెక్క కొంచెం వేరు. ఆ వయసులో మూడు పాయింట్ల గీత బయట నుంచి బంతి పడేది అరుదు. కాబట్టి ఒక్క పొడుగు పిల్లవాణ్ణి రింగు కింద నిలబెట్టి, అందరూ అతనికే బంతి ఇస్తే చాలా మ్యాచ్‌లు గెలవవచ్చు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఆడపిల్లలు సాధారణంగా 11-12 ఏళ్లకు, మగపిల్లలు 13-14 ఏళ్లకు వేగంగా ఎదుగుతారు. కొందరికి ఆ ఎదుగుదల రెండేళ్లు ముందే వస్తుంది, కొందరికి ఆలస్యంగా వస్తుంది. ఏడో తరగతిలో అందరికంటే పొడుగున్నవాడు పదో తరగతికి మధ్యస్థంగా మిగలవచ్చు. అన్నాళ్లూ రింగు కిందే నిలబడినవాడికి డ్రిబ్లింగ్ రాదు, పాస్ రాదు, దూరం నుంచి గురి ఉండదు. ఆ రోజు ఎత్తు లేదని పక్కన కూర్చోబెట్టిన అబ్బాయి ఈలోగా ఆరడుగులై ఉండవచ్చు, కానీ అప్పటికే ఆట మానేసి ఉంటాడు. ఒక కప్పు కోసం ఇద్దరు పిల్లలనూ పోగొట్టుకున్నట్టే.

అందుకే చిన్న వయసులో ప్రతి బిడ్డా ప్రతి స్థానంలోనూ ఆడాలి. 12 ఏళ్ల లోపువారి కోసం ఫీబా సూచించిన మినీ బాస్కెట్‌బాల్‌లో రింగు ఎత్తు సుమారు ఎనిమిదిన్నర అడుగులే, బంతి కూడా చిన్నది. పిల్లలు ఒళ్లు మెలితిప్పి బంతిని విసిరేయకుండా, సరైన పద్ధతిలో వేయడం నేర్చుకోవడానికే ఈ మార్పు.

ఎత్తు తక్కువ పిల్లలు కూడా రీబౌండ్లు పట్టగలరు. బంతి గాల్లో ఉన్నప్పుడే ఎదుటివారికీ రింగుకీ మధ్య నిలబడి, మోకాళ్లు వంచి, వీపుతో వారిని వెనక ఆపాలి. దీన్ని 'బాక్స్ అవుట్' అంటారు. దీనికి ఎత్తు కంటే ముందుచూపు, పట్టుదల ముఖ్యం.

ఇంట్లో మీరు చేయగలిగినవి

• పొడుగు పిల్లలను "నువ్వు రింగు కింద నిలబడితే చాలు" అనకండి. బంతిని డ్రిబ్లింగ్ చేస్తూ పరుగెత్తడం కూడా నేర్చుకోమనండి.

• ఎత్తు తక్కువని ఆట మాన్పించకండి. పాస్, వేగం, గురి సాధనతో వస్తాయి.

• ఎత్తు పెంచుతామనే పొడులకు, మాత్రలకు డబ్బు పోయకండి. ఎత్తులో ఎక్కువ భాగం వంశపారంపర్యం. బాస్కెట్‌బాల్ ఆడితే, కడ్డీకి వేలాడితే ఎత్తు పెరుగుతారన్నదీ అపోహే. రాగి సంగటి, పప్పు, గుడ్డు, పాలు, శనక్కాయలు, కంటినిండా నిద్ర చాలు. వయసుకు తగ్గ ఎదుగుదల లేదనిపిస్తే పిల్లల డాక్టరును అడగండి.

• వేగంగా ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద నొప్పి వస్తుందంటే తేలిగ్గా తీసుకోకండి. పీఈటీకి చెప్పి విశ్రాంతి ఇప్పించండి. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

• మ్యాచ్ నుంచి వచ్చాక "ఎన్ని పాయింట్లు చేశావు?" అనే ప్రశ్నతో పాటు "ఎవరికి పాస్ ఇచ్చావు? ఎన్ని రీబౌండ్లు పట్టావు?" అని కూడా అడగండి. మీరు అడిగేదాన్ని బట్టే పిల్లలు ఏది ముఖ్యమో నేర్చుకుంటారు.

ఈసారి ఎంపికల రోజు మీ పిల్లలను ఎత్తుతో సంబంధం లేకుండా కోర్టుకు పంపండి. ఎవరు ఎంత పొడుగవుతారో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. ఆట నేర్చుకున్నవారికి మాత్రం ఏ ఎత్తులోనైనా అది పనికొస్తుంది.