ఎవరి నిద్ర వారిది

భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మంచం, పరుపు, దిండు ఉండవు. వ్యోమగాములు గోడకు కట్టిన సంచిలోకి దూరి జిప్పు లాక్కుంటారు. నిలువుగా ఉన్నా తలకిందులుగా ఉన్నా అక్కడ శరీరానికి తేడా తెలియదు. నిద్ర పట్టగానే చేతులు వాటంతటవే లేచి ముఖం ముందు తేలుతుంటాయి. ఫోన్‌బూత్ అంత ఉండే పడకగదిలో గాలి ఆడుతూనే ఉండాలి. భూమ్మీద మనం వదిలిన వెచ్చటి ఊపిరి పైకి పోతుంది. బరువు తెలియని చోట అది కదలదు, ముక్కు చుట్టూనే నిలిచిపోతుంది. గాలి ఆడకపోతే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని తలనొప్పితో మెలకువ వస్తుంది.

అంతకన్నా పెద్ద చిక్కు సూర్యుడితో. కేంద్రం గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తుంది కాబట్టి రోజుకు 16 సార్లు తెల్లవారుతుంది, 16 సార్లు పొద్దుగూకుతుంది. నిద్రకు ఎనిమిదిన్నర గంటలు కేటాయించినా వ్యోమగాములు సగటున ఆరు గంటలే నిద్రపోతున్నారనీ, నలుగురిలో ముగ్గురు ఎప్పుడో ఒకప్పుడు నిద్రమాత్ర వేసుకున్నారనీ 2014లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

నిద్ర సుఖమెరగదని సామెత. చంద్రుడి మీద మాత్రం అది చెల్లలేదు. 1969 జులైలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్ చంద్రుడి నేల మీద నడిచి వచ్చాక విశ్రాంతి తీసుకోబోయారు. ఆల్డ్రిన్ నౌక నేల మీద ముడుచుకున్నాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంజిన్ మూత మీద వెనక్కి వాలాడు. చలి, ఆగని పంపుల మోత. వాటికి తోడు నౌకలోని టెలిస్కోపు గొట్టంలోంచి వచ్చే వెలుగు ఆర్మ్‌స్ట్రాంగ్ కంట్లో పడుతోంది. ఏమిటా అని చూస్తే, అది భూమి! మనం వెన్నెల్లో పడుకున్నట్టు ఆయన భూమి వెలుగులో పడుకున్నాడన్నమాట. అంతరిక్ష చరిత్రలో నాకు ఇంతకన్నా అందంగా తోచే నిద్రలేమి మరొకటి లేదు.

చీకట్లోనూ ఆగని గడియారం

సూర్యుణ్ని పూర్తిగా తీసేస్తే ఏమవుతుంది? 1962లో మిషెల్ సిఫ్ర్ అనే 23 ఏళ్ల ఫ్రెంచి భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆల్ప్స్ పర్వతాల్లోని ఒక మంచుగుహలోకి చేతిగడియారం లేకుండా దిగాడు. ఆకలేస్తే తిని, నిద్రొస్తే పడుకుంటూ రెండు నెలలు గడిపాడు. సెప్టెంబరు 14న గుహ పైనున్న బృందం గడువు ముగిసిందని చెబితే ఆయన నమ్మలేదు. ఆయన లెక్కలో అది ఇంకా ఆగస్టు 20! రోజుల లెక్క అంతగా తప్పినా శరీరం మాత్రం దాదాపు ఇరవైనాలుగున్నర గంటలకోసారి నిద్రా మెలకువల చక్రాన్ని పూర్తిచేస్తూనే ఉంది.

ఈ గడియారం ఉన్నది మనకొక్కరికే కాదు. 1729లో ఫ్రాన్సులోనే డి మైరాన్ అనే శాస్త్రవేత్త అత్తిపత్తి లాంటి మొక్కను చీకటి చోట పెట్టి చూశాడు. వెలుతురు సోకకపోయినా పగటివేళ ఆకులు విచ్చుకున్నాయి, రాత్రివేళ ముడుచుకున్నాయి. మన చింతచెట్టు, నిద్రగన్నేరు చేసేదీ ఇదే. ఆకు మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కణుపులోని కణాలు నీటిని నింపుకుని, వదిలి ఆకును తెరుస్తాయి, మూస్తాయి. దీన్ని నిద్ర అనలేం, చెట్టుకు నాడులు లేవు. కానీ పొద్దు లెక్క చెట్టు ఒంట్లోనూ ఉందన్నది నిజం.

అసలు నిద్రకు మెదడైనా అక్కర్లేదట. తలకిందులుగా సముద్రపు అడుగున బతికే కాసియోపియా అనే జెల్లీఫిష్‌కు మెదడు లేదు, అయినా రాత్రిళ్లు మందగిస్తుంది. రాత్రంతా కదిలిస్తే మర్నాడు పగలు కునుకుతుంది. 2017లో ఇది తేలింది.

గాల్లో కునుకు, గూట్లో కునుకు

నిద్ర అవసరమే, కానీ దాన్ని ఎలా తీర్చుకోవాలన్నది ఏ జీవికాజీవి తేల్చుకుంది. ఫ్రిగేట్ పక్షి రోజుల తరబడి సముద్రం మీద ఎగురుతుంది. నీళ్ల మీద వాలలేదు, ఈకలు తడిసిపోతాయి. గాలపాగస్ దీవుల్లో ఈ పక్షుల తలలకు చిన్న పరికరాలు అమర్చి చూస్తే, అవి ఎగురుతూనే రోజుకు సగటున 42 నిమిషాలు నిద్రపోతున్నాయి. ఎక్కువగా మెదడులో సగమే నిద్రపోతుంది, రెండో సగం దారి చూసుకుంటుంది. నేల మీదకు చేరాక అవే పక్షులు 12 గంటలకు పైగా నిద్రపోతాయి.

అంటార్కిటికాలోని చిన్‌స్ట్రాప్ పెంగ్విన్‌ది మరో పద్ధతి. గుడ్లు దొంగిలించే పక్షులు చుట్టూ తిరుగుతుంటే తల్లిగానీ తండ్రిగానీ గాఢంగా నిద్రపోతే ఎలా? అందుకే సగటున 4 సెకన్ల చొప్పున రోజుకు 10 వేలకు పైగా కునుకులు తీస్తాయి. అన్నీ కలిపితే 11 గంటల నిద్ర! 2023లో ఈ లెక్క బయటికొచ్చినప్పుడు నిద్ర శాస్త్రజ్ఞులే ఆశ్చర్యపోయారు. పిల్లల్ని పెంచే జీవుల మీద నాకెప్పుడూ గౌరవమే, ఇది చదివాక ఇంకా పెరిగింది.

మనిషికి ఈ వెసులుబాటు లేదు. 1963 డిసెంబరు చివర్లో మొదలుపెట్టి 1964 జనవరి దాకా ర్యాండీ గార్డ్‌నర్ అనే 17 ఏళ్ల అమెరికన్ విద్యార్థి సైన్స్ ప్రదర్శన కోసం 264 గంటలు మేలుకున్నాడు. చిరాకు, మతిమరుపు, లేనివి ఉన్నట్టు కనిపించడం అన్నీ అనుభవించాడు. ఇలాంటి పోటీలు ప్రాణానికి ముప్పని గిన్నిస్ సంస్థ ఆ రికార్డులు నమోదుచేయడమే మానేసింది.

అలసిన మనిషి మెదడు కూడా అనుమతి అడగకుండా పెంగ్విన్‌లా కొద్ది సెకన్లు కునుకుతుంది. గూట్లో కూర్చున్న పక్షికి 4 సెకన్లు పెద్ద లెక్క కాదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఆ 4 సెకన్లలో దాదాపు 90 మీటర్లు వెళ్తుంది. తెల్లవారుజామున ఒంట్లోని గడియారం మనల్ని నిద్రలోకే లాగుతుంది. అద్దం దించినా, పాటల శబ్దం పెంచినా ఆ లాగుడు ఆగదు. పెళ్లికో, తిరుపతికో, పండక్కి సొంతూరికో రాత్రిపూట కారులో బయల్దేరేవాళ్లు దయచేసి ఒక్కమాట వినండి. రెప్ప బరువెక్కితే బండి రోడ్డు దింపి సురక్షితమైన చోట ఆపండి, ఇరవై నిమిషాలు పడుకోండి. ముహూర్తానికి ఆలస్యమైనా ఫర్వాలేదు. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు ఆ మాట చెప్పడానికి మొహమాటపడొద్దు.