మెదడు రక్తస్రావం – విస్తరణ కారకాలు: వ్యవహార పదాల పాత్ర

వ్యాససంగ్రహం: మెదడులో రక్తనాళం చిట్లడం వల్ల వచ్చే పక్షవాతంలో, తొలిగంటలలో రక్తస్రావం పెరగడానికి దోహదం చేసే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. వాటిలో కొన్ని కుటుంబసభ్యుల మాటల ద్వారానే వైద్యులకు తెలుస్తాయి కనుక, ఆ మాటల స్పష్టతను కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పక్షవాతం, మెదడు రక్తస్రావం, రక్తపు గడ్డ, రక్తపోటు, వైద్యపరిభాష.

1. ఉపోద్ఘాతం:
‘పక్షవాతం’లోని ‘పక్షం’ శరీరంలో ఒక పార్శ్వాన్ని తెలుపుతుంది. ఈ పదం వ్యాధి ఫలితాన్ని సూచిస్తుందే తప్ప కారణాన్ని చెప్పదు. కారణాలు ప్రధానంగా రెండు: మెదడు రక్తనాళం పూడుకుపోవడం, లేదా చిట్లిపోవడం. మొదటిదానికి మేలు చేసే ఆస్పిరిన్ రెండవదానికి కీడు చేయగలదు. పైకి కనిపించే లక్షణాలను బట్టి ఈ భేదాన్ని నిర్ధారించడం సాధ్యం కాదు. అందుకు సీటీ స్కాన్ వంటి పరీక్ష తప్పనిసరి.

2. రక్తస్రావ విస్తరణ:
చిట్లినచోట రక్తస్రావం కొద్దిసేపటికే ఆగిపోతుందనే భావన పూర్వం బలంగా ఉండేది. 1997లో బ్రాట్ బృందం ప్రచురించిన అధ్యయనం దీనిని మార్చింది. లక్షణాలు మొదలైన 3 గంటలలోపు స్కాన్ చేసిన 103 మందిలో 26 శాతం మందికి, తొలి స్కాన్ తరువాత గంటలోనే రక్తపు గడ్డ గణనీయంగా పెరిగింది. 20 గంటలలోపు మరో 12 శాతం మందిలో అదే జరిగింది. పెరుగుతున్న గడ్డ చుట్టూ ఉన్న చిన్న రక్తనాళాలను లాగి చింపడం వల్ల అవి ఒకదాని వెంట ఒకటి చిట్లుతాయని 1971లో మిల్లర్ ఫిషర్ ప్రతిపాదించారు.

3. ప్రధాన కారకాలు:
5,435 మంది రోగుల వివరాలను క్రోడీకరించి 2018లో ‘లాన్సెట్ న్యూరాలజీ’ ప్రచురించిన విశ్లేషణ నాలుగు అంశాలను గుర్తించింది.

అ) లక్షణాలు మొదలైన సమయానికీ తొలి స్కాన్‌కూ మధ్య వ్యవధి: ఇది ఎంత తక్కువైతే, ఆ తరువాత గడ్డ పెరిగే అవకాశం అంత ఎక్కువ. త్వరగా స్కాన్ చేయడం హానికరమని దీని అర్థం కాదు. అప్పటికి రక్తస్రావం ఇంకా కొనసాగుతూ ఉండవచ్చని మాత్రమే అర్థం.
ఆ) తొలి స్కాన్‌లో గడ్డ పరిమాణం.
ఇ) వార్ఫరిన్ వంటి, రక్తం గడ్డకట్టడాన్ని అడ్డుకునే మందులు.
ఈ) ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి, ప్లేట్‌లెట్లు గుమిగూడకుండా చేసే మందులు.

వీటితోపాటు అధిక రక్తపోటుకు కూడా గడ్డ విస్తరణతో సంబంధం ఉంది. భారతదేశంతో సహా 10 దేశాలలో జరిగిన ‘ఇంటరాక్ట్-3’ పరిశోధన (2023) రక్తపోటు, చక్కెర, జ్వరాల నియంత్రణనూ, వార్ఫరిన్ ప్రభావానికి విరుగుడునూ కలిపి త్వరగా అందిస్తే రోగులు మెరుగ్గా కోలుకుంటారని నిరూపించింది.

4. మాటల పాత్ర:
పై నాలుగింటిలో గడ్డ పరిమాణాన్ని స్కాన్ చూపుతుంది. సమయమూ మందుల వివరాలూ మాత్రం చాలావరకు ఇంటివారి నోటి నుంచే రావాలి. ‘పొద్దున లేచేసరికి చెయ్యి పడిపోయింది’ అన్న మాటలో వ్యాధి మొదలైన వేళ లేదు. రోగి చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడో చెప్పడం అవసరం. ‘గుండె మాత్ర’ అంటే అది రక్తపోటు మందు కావచ్చు, వార్ఫరిన్ కావచ్చు. ‘నరం’ అనే మాట వ్యవహారంలో నాడికీ రక్తనాళానికీ కూడా చెల్లుతుంది. ‘నరాల జబ్బు’ అని మాత్రమే విన్న కుటుంబానికి రక్తస్రావం సంగతి బోధపడకపోవచ్చు.

5. ముగింపు:
రక్తస్రావాన్ని అదుపు చేయడం వైద్యుల పని. అయితే దానికి దొరికే వ్యవధి గంటలలోనే ఉంటుంది. స్కాన్‌కు ముందు ఇంట్లో ఆస్పిరిన్ ఇవ్వకపోవడం, మందుల చీటీని వెంట తీసుకువెళ్లడం, సమయాన్ని కచ్చితంగా చెప్పడం కుటుంబం చేయగలిగిన పనులు. ‘పూడిక పక్షవాతం’, ‘రక్తస్రావ పక్షవాతం’ అనే భేదాన్ని పాఠ్యపుస్తకాలలోనూ పత్రికలలోనూ స్థిరపరచడం భాషావేత్తలు చేయవలసిన పని.