పల్లాకును తట్టుకునే గుణం ఇంటి విత్తనంలో నిలుస్తుందా?

ఈ వీడియో భావనపాడు దగ్గర వరి కోసిన మడుల్లో, మినుము చేలో తీశాం. ఒక మడి పసుపు పూసినట్టుంది. గట్టు అవతలిది పచ్చగా ఉంది. పచ్చ చేను రైతు నన్ను అడిగింది ఒక్కటే: "ఈ ఇత్తనం దాచుకుంటే పై ఏడు కూడా తట్టుకుంటాదేటి బాబూ, మళ్లీ కొనాలేటి?"

రకం కల్తీ కాకపోతే కొనక్కర్లేదు.

పల్లాకు తెగులు, అదే ఎల్లో మొజాయిక్ వైరస్, ప్రధానంగా తెల్లదోమతో వస్తుంది. నీమాస్త్రం, పసుపు జిగురు అట్టలు దోమను తగ్గిస్తాయి. వైరస్ ఎక్కిన మొక్కను మాత్రం ఏ కషాయమూ బాగు చేయదు. మనవాళ్లకు ఈ మాట నచ్చదు, కానీ నిజం. తట్టుకునే గుణం మొక్క జన్యువుల్లోనే ఉండాలి.

ఆ గుణం సంతానానికి దిగే తీరు అన్ని రకాల్లో ఒకటి కాదు. కాన్పూర్ పప్పుధాన్యాల పరిశోధన సంస్థ వాళ్లు డీపీయూ 88-31ని ఏకేయూ 9904తో సంకరం చేసి చూస్తే, ఒకే బహిర్గత జన్యువు పని చేస్తోందని తేలింది (2013). అంటే రెండో తరంలో నాలుగింట మూడు మొక్కలు పచ్చగా ఉంటాయి. వేరే సంకరాల్లో రెండు అంతర్గత జన్యువులు కనిపించాయి. అప్పుడు మొదటి తరమంతా పసుపే, రెండో తరంలో పదహారింట ఒక్కటే పచ్చన! పైగా ఉత్తరాదిలో ఎక్కువగా తిరిగే వైరస్, మన దక్షిణాదిది ఒకటి కాదు. అక్కడ నిలిచిన రకం ఇక్కడ పండుబారొచ్చు.

ఈ లెక్కలన్నీ సంకరం చేసేవాళ్లకు. మన చేలో మినుము పువ్వు విచ్చుకోకముందే తనలో తాను పరాగం కలుపుకుంటుంది. పక్క మడి పుప్పొడి రావడం చాలా తక్కువ. అందుకే పీయూ 31 లాంటి స్థిరమైన రకం గుణం ఏటేటా అలాగే దిగుతుంది.

చెడిపోయేది కళ్లంలో. నూర్పిడి యంత్రంలో మిగిలిన పక్కవాళ్ల గింజలు చాలు, కల్తీకి.

ఇంకో సంగతి. పసుపు చేలో ఒక్క మొక్క పచ్చగా ఉంటే విత్తనానికి ఎగబడకండి, దాన్ని దోమ కుట్టకపోయి ఉండొచ్చు. దాని కాయలు విడిగా కోసి, మరుసటి పంటలో ఒక సాలుగా వేయండి. రెండు పక్కలా తెగులుకు లొంగే రకం వేయండి. అవి పసుపెక్కినా మధ్య సాలు మొత్తం పచ్చగా నిలిస్తేనే ఆ గింజ దాచండి.