ప్రాణం మోసే రెండు మూరల తాడు

చెట్టు మీద మాటువేసి వేటాడే అమెరికన్ విల్లు వేటగాళ్లలో పలువురు మంచె కట్టుకోవడం మానేసి ట్రీ శాడిల్‌కు మళ్లారు. శాడిల్ అంటే తుంటి చుట్టూ, పిరుదుల కింద కూర్చునే వెడల్పాటి పట్టీ. దానికి ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి బలమైన లూపులు కుట్టి ఉంటాయి. ఆ రెండు లూపులనూ కలుపుతూ పొట్ట ముందు నుంచి సాగే చిన్న తాడే బ్రిడ్జి. దాని మీద ఒక కారాబినర్, అంటే తెరిచి మూయగల లోహపు కొక్కెం, అటూ ఇటూ జారుతుంటుంది. చెట్టు మానుకు తల ఎత్తున చుట్టి బిగించిన మరో తాడును టెథర్ అంటారు. కారాబినర్‌ను ఆ టెథర్ మీద జరిగే ముడికి తగిలిస్తే మనిషి బరువు పట్టీ నుంచి బ్రిడ్జికి, బ్రిడ్జి నుంచి టెథర్‌కు, అక్కడి నుంచి చెట్టుకు చేరుతుంది. పాదాలు చిన్న పీట మీద ఆని ఉంటాయి.

ఈ పద్ధతి ముఖ్యంగా తెల్లతోక జింకల వేటకు చెందింది. మిచిగన్ రాష్ట్రానికి చెందిన జాన్ ఎబర్‌హార్ట్ లాంటి వేటగాళ్లు దశాబ్దాలుగా దీన్ని వాడుతూ, రాస్తూ ప్రచారంలోకి తెచ్చారు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధం కాబట్టి ఇక్కడ శాడిల్‌కు ఆ ఉపయోగం లేదు. అయితే తాడుతో చెట్టుకు కట్టుకుని పనిచేసే విద్య తెలుగువారికి కొత్త కాదు. గీత కార్మికులు మోకు, ముస్తాదులతో తాటి చెట్లెక్కుతారు. వారు జారిపడే ప్రమాదాలను తగ్గించడానికి తెలంగాణ ప్రభుత్వం 2024లో ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. విదేశాల్లో కొమ్మలు నరికే వృత్తి పనివారి హార్నెస్‌లకు కూడా ఇలాంటి తాడు బ్రిడ్జే ఉంటుంది. పని ఏదైనా, బ్రిడ్జి తయారీలో పాటించవలసిన సూత్రాలు ఒకటే.

పొడవు ఎందుకు మారాలి?

బ్రిడ్జి మీద బరువు పడగానే అది ‘వి’ ఆకారంలోకి వస్తుంది. పొడవు తగ్గేకొద్దీ ఆ ‘వి’ విచ్చుకుంటుంది. విచ్చుకునేకొద్దీ తాడు మీద లాగుడు పెరుగుతుంది, తుంటి మీద నొక్కుడు అంతకన్నా ఎక్కువగా పెరుగుతుంది. ఒక లెక్క చూస్తే ఇది తేటపడుతుంది. రెండు లూపుల మధ్య దూరం 40 సెంటీమీటర్లు, మనిషి బరువు 80 కిలోలు, ఆ బరువంతా తాడు మీదే ఉందనుకుందాం. బ్రిడ్జి పొడవు 75 సెంటీమీటర్లయితే ఒక్కో పక్క తాడు మీద పడే లాగుడు సుమారు 47 కిలోలు, తుంటిని లోపలికి నొక్కే బలం సుమారు 25 కిలోలు. అదే బ్రిడ్జిని 50 సెంటీమీటర్లకు కుదిస్తే లాగుడు 67 కిలోలకు, నొక్కుడు 53 కిలోలకు చేరుతుంది. పాతిక సెంటీమీటర్ల తేడాకే నొక్కుడు రెట్టింపు దాటుతోంది. గంటల తరబడి కూర్చున్నవారికి తుంటి ఎముకలు నొప్పిపెట్టడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

అలాగని ఎంత పొడవైతే అంత మంచిదనీ కాదు. బ్రిడ్జి మరీ పొడవైతే మనిషి చెట్టుకు దూరంగా జరిగిపోతాడు, టెథర్ మీది ముడి చేతికి అందదు. పొట్టి బ్రిడ్జితో చెట్టు చుట్టూ తిరగడం తేలిక. పొడవు బ్రిడ్జితో విల్లు లాగడానికి ఛాతీ ముందు చోటు దొరుకుతుంది. నిలబడి వెనక్కి వాలినప్పుడు కుదిరిన పొడవు, మోకాళ్లు చెట్టుకు ఆనించి కూర్చున్నప్పుడు కుదరదు. చలికోటు వేసుకున్న రోజు లెక్క మళ్లీ మారుతుంది. అందుకే పొడవు మార్చుకునే వీలున్న బ్రిడ్జికి అంత గిరాకీ.

తాడు ఎంపిక

సొంతంగా చేసుకునేవారికి అనువైనది 9 మిల్లీమీటర్ల స్టాటిక్ తాడు. అంటే సాగుడు తక్కువగా ఉండి, లోపల బరువు మోసే పోగులు, పైన వాటిని కాపాడే అల్లిక తొడుగు ఉన్న తాడు. పాలిస్టర్ తడిసినా బలం అంతగా కోల్పోదు, సాగదు. నైలాన్ కొంత సాగుతుంది, తడిస్తే కొంత బలం తగ్గుతుంది. కారాబినర్ ఎప్పుడూ రాసుకునే చోటు కాబట్టి రాపిడికి, వేడికి తట్టుకునే అరామిడ్ తొడుగున్న తాళ్లను కొందరు ఎంచుకుంటారు. తాడు కొలతతో పాటు, ఎంత బరువుకు తెగుతుందో తయారీదారు కిలోన్యూటన్లలో ముద్రించి ఉండాలి. ఒక కిలోన్యూటన్ అంటే సుమారు 102 కిలోల బరువు. ముడి వేసిన చోట తాడు తన బలంలో పావు నుంచి మూడో వంతు దాకా కోల్పోతుందని ముందే లెక్కలోకి తీసుకోవాలి. మనుషుల బరువు మోయడానికి కాక సామాన్లు కట్టడానికి అమ్మే తాడును ఈ పనికి వాడకూడదు.

డైనీమా పోగుతో పన్నెండు పేటలుగా అల్లిన తాడు చాలా తేలిక, చాలా గట్టి. కానీ దాని ఒంటికి నునుపెక్కువ, ముళ్లు జారిపోతాయి. అది సుమారు 150 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. పాలిస్టర్ కరగాలంటే 250 డిగ్రీలు దాటాలి. డైనీమాకు ముడి వేయరు, కొసను తాడు కడుపులోకే దూర్చి అతుకు అల్లుతారు. ఆ దూర్పు తాడు మందానికి సుమారు 70 రెట్లు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే 8 మిల్లీమీటర్ల తాడుకు ఒక్కో కొసలో అర మీటరు పైమాటే. రెండు మూరల బ్రిడ్జిలో అంత చోటు దొరకదు. అందువల్ల ఆ పనిని చేయి తిరిగినవారికి వదిలేయడం మేలు.

తయారీ

గరిష్ఠంగా 90 సెంటీమీటర్ల బ్రిడ్జికి, ముళ్లకు పోయేది కలుపుకుని, దాదాపు 2 మీటర్ల తాడు సరిపోతుంది. కోసే చోట ముందు టేపు చుట్టి, కోశాక కొసలను మంట చూపించి కరిగించాలి. లేకపోతే తొడుగు ఒకవైపు, లోపలి పోగులు ఒకవైపు జారతాయి.

ఎడమ కొసది స్థిరమైన కట్టు. తాడులో ఎనిమిది అంకె ముడి వదులుగా వేసి, కొసను శాడిల్ ఎడమ లూపులోంచి పోనిచ్చి, వచ్చిన దారినే ముడి వెంట మళ్లీ వెనక్కి నడిపించాలి. బిగించాక ముడి పొడవునా తాళ్లు జంటలు జంటలుగా, ఒకదానిమీదొకటి ఎక్కకుండా కనిపించాలి. ముడి దాటి కనీసం 10 సెంటీమీటర్ల కొస మిగలాలి. ఈ ముడిని ఎంచుకోవడానికి కారణం, తప్పు వేస్తే కంటికే తెలిసిపోవడం.

కుడివైపుది కదిలే కట్టు. 6 లేదా 7 మిల్లీమీటర్ల సన్న తాడుతో చేసిన వలయం ఇక్కడ కావాలి. దాని రెండు కొసలను డబుల్ ఫిషర్‌మన్ ముడితో కలుపుకోవచ్చు. కర్మాగారంలో కుట్టి, బలం ముద్రించి అమ్మే వలయం దొరికితే అదే ఉత్తమం. వలయాన్ని కుడి లూపులోంచి తీసి, దానిలోంచే దాన్ని దూర్చి బిగించాలి. మిగిలిన భాగాన్ని బ్రిడ్జి తాడు చుట్టూ మూడుసార్లు తిప్పి ప్రూసిక్ ముడి వేయాలి. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో వెలుగులోకి తెచ్చిన ముడి ఇది. బరువు పడితే బిగుసుకుని పట్టుకుంటుంది, బరువు తీసేస్తే చేత్తో జరపవచ్చు. చుట్లు పక్కపక్కనే కుదురుగా పడాలి. ఒక చుట్టు మరోదాని మీదకెక్కితే పట్టు తగ్గుతుంది. చుట్టే తాడు అసలు తాడు కన్నా సన్నగా ఉంటేనే బాగా పట్టుకుంటుంది. రెండూ ఒకే మందం అయితే జారే ప్రమాదం ఉంది.

ప్రూసిక్‌లోంచి బయటికి వచ్చి వేలాడే తోక చివర లావుపాటి ముడి తప్పనిసరిగా ఉండాలి. పొడవు పెంచుతూ పోయినప్పుడు తాడు ప్రూసిక్‌లోంచి పూర్తిగా జారిపోకుండా ఆపేది అదొక్కటే. దాన్ని ముందే వేయాలి, గట్టిగా లాగి బిగించాలి, ముడి తర్వాత కూడా నాలుగు వేళ్ల కొస వదలాలి.

ప్రూసిక్‌కు బదులు కొందరు తాడును పళ్లతో పట్టే చిన్న లోహపు బిగింపులను వాడతారు. తోక లాగితే చాలు, బ్రిడ్జి పొట్టిదవుతుంది. చప్పుడు, బరువు, ధర మాత్రం పెరుగుతాయి. ప్రతి పరికరం మీదా ఏ మందం తాడుకు సరిపోతుందో రాసి ఉంటుంది. ఆ హద్దు కన్నా సన్నని తాడు పెడితే పట్టు నమ్మదగినది కాదు. పళ్లు తొడుగును చీల్చే అవకాశం కూడా ఉంది.

అమర్చి చూడడం

మొదటి పరీక్ష ఎప్పుడూ నేలకు దగ్గరగానే జరగాలి. టెథర్‌ను చెట్టుకు కట్టి, పాదాలు నేలకు జానెడు ఎత్తులో ఉండేలా బరువు మొత్తం వేయాలి. అంతకు ముందు ప్రూసిక్ పక్కనే బ్రిడ్జి తాడుకు ఒక రంగు దారం కట్టాలి. కొద్దిసేపు వాలి, కూర్చుని, పక్కలకు తిరిగి చూశాక ముడికీ దారానికీ మధ్య ఖాళీ కనిపిస్తే ముడి జారినట్టే. అప్పుడు ఇంకో చుట్టు పెంచాలి, లేదా ఇంకా సన్నని తాడు వాడాలి.

పొడవు సరిచూసుకునే గుర్తు ఒకటుంది. బరువంతా వేసి వెనక్కి వాలినా టెథర్ మీది ముడి చేతికి అందాలి. ఆ హద్దులోపల తుంటికి హాయినిచ్చే పొడవే సరైన పొడవు. పొడవు మార్చదలిస్తే ముందు పీట మీద నిలబడి తాడు మీది బరువు తీసేయాలి. బరువు మీద ఉన్న ప్రూసిక్‌ను పెనుగులాడి జరపకూడదు.

చెట్టు మీద టెథర్ ఎప్పుడూ బిగువుగానే ఉండాలి. ఈ తాళ్లు పెద్దగా సాగవు. కాస్త వదులు ఉన్నప్పుడు కాలు జారితే ఆ కుదుపు నేరుగా నడుముకు తగులుతుంది. కదలకుండా హార్నెస్‌లో వేలాడే మనిషికి కొద్ది నిమిషాల్లోనే రక్తప్రసరణ దెబ్బతినవచ్చు. కాబట్టి ఒంటరిగా వెళ్లేవారు కాలు ఆనించుకునే దారి, సాయానికి పిలిచే దారి ముందే చూసుకోవాలి.

కాపాడుకోవడం, మార్చడం

ఎక్కే ప్రతిసారీ ముందుగా తాడు మొత్తాన్ని వేళ్ల మధ్య నలుపుతూ చూడాలి. కారాబినర్ రాసుకునే నడిమి భాగం, శాడిల్ లూపులను తాకే కొసలు, ప్రూసిక్ కూర్చునే చోటు మిగతా వాటికన్నా ముందే అరుగుతాయి. తొడుగు చిరిగి లోపలి పోగు కనిపించినా, ఒకచోట మెత్తబడినా, గట్టిపడి మెరిసినా ఆ తాడు పని అయిపోయినట్టే. తాడును ఎండలో, పెట్రోలు డబ్బాల దగ్గర, బ్యాటరీల పక్కన ఉంచకూడదు. బ్యాటరీ ఆమ్లం చేసే హాని కంటికి కనిపించకపోవచ్చు.

శాడిల్ తయారీదారు సొంత బ్రిడ్జిని అనుమతించకపోతే వారి బ్రిడ్జినే వాడాలి. అనుమతించినా, ముళ్లు వేయడంలో పూర్తి నమ్మకం లేనివారు కుట్టిన కొసలున్న బ్రిడ్జి కొనుక్కోవడమే మంచిది. మార్చవలసిన రోజు వస్తే బ్రిడ్జి తాడును, ప్రూసిక్ వలయాన్ని కలిపే మార్చాలి. పాతదాన్ని ముక్కలుగా కోసి పారేయాలి, మరొకరు తెలియక దాన్ని మళ్లీ వాడే అవకాశం మిగలకూడదు.