రెక్కపై వ్రాత, చట్రంలో కోత

సీతాకోకచిలుక పూవుపై నిలిచేది క్షణకాలం. ఆ క్షణంలో మన కంటబడేది రంగేగాని రెక్క కాదు. రెక్కలోని రచనను చూడవలెనంటే దానిని నిలపవలె, దగ్గరకు తేవలె, చుట్టూ ఉన్న తక్కిన ప్రపంచాన్ని కాసేపు తెరమరుగు చేయవలె. ఛాయాచిత్రం ఈ మూడు పనులనూ చేయగలదు. మొదటి రెండూ యంత్రానికి సాధ్యమైనవే. మూడవది మాత్రం మనిషి వివేకానికి సంబంధించినది. చిత్రాన్ని ఎక్కడ కోయవలె, ఎంత ఉంచవలె అన్న నిర్ణయంలోనే ఈ కళ గుణదోషాలన్నీ ఇమిడి ఉన్నవి.

ఇందుకు షెల్ సాండ్వెడ్ కృషి చక్కని నిదర్శనం. 1922లో నార్వేలో జన్మించిన ఈయన, జంతుప్రపంచాన్ని గురించిన విజ్ఞాన సర్వస్వం కొరకు పరిశోధన చేయడానికి 1960లో వాషింగ్టన్ నగరంలోని స్మిత్సోనియన్ సంస్థకు వెళ్ళినాడు. అక్కడి కీటక సంగ్రహాన్ని పరిశీలిస్తుండగా ఒక పాత చుట్టల పెట్టెలో ఒక శలభం కనిపించినది. దాని రెక్కపై ఆంగ్లలిపిలోని ‘ఎఫ్’ అక్షరం స్పష్టంగా ఉన్నది. ఆ ఒక్క అక్షరం ఆయన జీవితాన్నే మలుపు త్రిప్పినది. తక్కిన ఇరవై అయిదు అక్షరాల కొరకు, అంకెల కొరకు ఆయన కెమెరా పట్టుకొని దేశదేశాల అడవులు గాలించినాడు. రెక్కల నుండి ఏరి కూర్చిన ఆ వర్ణమాల లోకప్రసిద్ధమైనది. 2015లో ఆయన కన్నుమూసినాడు.

రెక్కపై అక్షరం ఒంటరిగా ఉండదు. గీతలు, చుక్కలు, మరకలు దానిని చుట్టుముట్టి ఉంటవి. చట్రం వాటిని తొలగించిన తరువాతనే అక్షరం పైకి తేలుతుంది. దక్షిణ అమెరికాలో ‘ఎనభై ఎనిమిది’ అనే పేరుగల సీతాకోకచిలుక ఒకటి ఉన్నది. దాని వెనుక రెక్కల అడుగుభాగాన తెల్లని నేలపై నల్లని వలయాలు 88 అంకెను తలపిస్తవి. అంకెలు ఎరుగనివానికి అవి వలయాలు మాత్రమే. మన తోటలలో తిరిగే పీకాక్ పాన్సీ రెక్కమీది కంటిచుక్కను దగ్గరగా చూపితే, తెలుగు చదువుకొన్నవానికి తలకట్టు తీసివేసిన ‘ఠ’ స్ఫురించకపోదు. పక్షి చూపు వేరు. కంటిచుక్కలు కొన్ని పక్షులను బెదరిస్తవి. కొన్ని ముక్కుపోటును శరీరం నుండి రెక్క అంచుకు మళ్ళిస్తవి. రెక్క ఒక్కటే అయినా చదివేవాని సంస్కారాన్ని బట్టి అర్థం మారుతున్నది.

ఈ చదువు సాగవలెనంటే చిత్రం ముందుగా స్పష్టంగా ఉండవలె. రెక్కను కప్పి ఉండే పొలుసులు ఇంటికప్పుమీది పెంకులవలె ఒకదానిపై ఒకటి ఒరిగి ఉంటవి. ఒక్కొక్కటి సాధారణంగా మిల్లీమీటరులో పదవవంతు పొడవుంటుంది. కొన్ని రంగులు పొలుసులలోని వర్ణద్రవ్యం వలన కలుగుతవి. మార్ఫో జాతి నీలిమవంటివి పొలుసుల సూక్ష్మనిర్మాణం వలన కలుగుతవి. అందుచేత వెలుగు పడే కోణం మారితే నీలం మారుతుంది. వస్తువును దాని నిజపరిమాణంలో చిత్రించేంత దగ్గరకు పోయినప్పుడు స్పష్టంగా కనబడే లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. కెమెరా రెక్కకు సమాంతరంగా లేకపోతే ఒక కొస తేటగా, మరొక కొస మంచు కమ్మినట్లుగా కనబడుతుంది. ఉదయపు చలిలో రెక్కలు పరచుకొని ఎండ కాచుకొనే సమయం ఈ పనికి అనువైనది.

ఇక కోత. ఫిలిం చట్రం 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు కలది. అందులో పొడవును, వెడల్పును చెరిసగం చేస్తే మిగిలేది నాలుగవ వంతు. దానిని మునుపటి కాగితం మీదనే అచ్చువేయవలెనంటే రెట్టింపు పెంచవలె. అందముతోపాటు మసక కూడ రెట్టిస్తుంది. డిజిటల్ కెమెరాకైనా లెక్క ఇదే: 2 కోట్ల 40 లక్షల బిందువులలో మిగిలేవి 60 లక్షలు. కనుక కూర్పు కెమెరా కంటిలోనే చాలవరకు ముగియవలె. అట్టముక్కలను ‘ఎల్’ ఆకారంలో రెండుగా కత్తిరించి చిత్రంపై జరిపి చూడడం పాత పద్ధతి. నేడు ఆ పని కంప్యూటరు తెరపై సాగుతున్నది. పరికరం మారినా ప్రశ్న మారలేదు. కంటిచుక్కను సగానికి నరికితే చూపు తడబడుతుంది. రెక్క ఈనెను మూల వైపునకు సాగనిస్తే చట్రం వెలుపల ఉన్న రెక్కను కూడ మనస్సు ఊహించుకొంటుంది. అంచున చిటికెడు ఆకుపచ్చ మిగిలితే చూపు అక్కడికే పరుగెత్తుతుంది.

కోతకు మరొక ముఖం ఉన్నది. అది చూపడమే కాదు, దాచగలదు కూడ. పక్షి చీల్చిన రెక్క అంచును అందం కొరకు కోసివేస్తే, ఆ ప్రాణి తప్పించుకొన్న ఆపద కూడ చిత్రం నుండి తొలగిపోతుంది. కదలకుండా ఉండుటకై పురుగును చల్లని పెట్టెలో ఉంచి, మంచమ్రాన్పడిన తరువాత చిత్రించేవారు ఉన్నారు. రెక్క మాత్రమే కనిపించే చిత్రం ఆ సంగతి చెప్పదు. ప్రాణి బ్రతికి ఉన్నదో లేదో కూడ చెప్పదు. కావ్యానికి ప్రాణం ఔచిత్యమని పదకొండవ శతాబ్దంలో క్షేమేంద్రుడు ప్రతిపాదించినాడు. ఈ చిత్రకళకు కూడ అది వర్తిస్తుంది. చట్రాన్ని త్రిప్పవచ్చు, తగ్గించవచ్చు. లేని గీతను కుంచెతో కలిపి అక్షరాన్ని పూరించడం మాత్రం అనుచితం. కోసిన చిత్రంతోపాటు కోయని మూలచిత్రాన్ని భద్రపరచవలె. ప్రాణి పేరు, చూచిన చోటు, తేది, రెక్క పైభాగమో అడుగుభాగమో వ్రాసి ఉంచవలె. అప్పుడే అందం చూడవచ్చినవానికి ఆనందమూ, విషయం తెలియవచ్చినవానికి జ్ఞానమూ లభిస్తవి.

రెక్కలో అక్షరం చూచి మురిసిన బాలునికి ఆ రెక్క ఎవరిదో కూడ చెప్పవలె. పెరటి కరివేపచెట్టుపై, బాటప్రక్క జిల్లేడుపై గ్రుడ్లుపెట్టే సీతాకోకచిలుకలు మన ఊళ్ళలో ఉన్నవి. ఆ చెట్టు కొట్టివేస్తే చదువుకొనుటకు చిత్రమే మిగులుతుంది గాని, అక్షరం వ్రాసుకొని ఎగిరి వచ్చే రెక్క మిగలదు.