పాట వెనుక గది

చుట్టూ మెత్తటి ఫోమ్ అతికించిన బూత్‌లో గాయని మైకుకు దగ్గరగా నిలబడి పాడితే గొంతు మాత్రమే రికార్డవుతుంది, గది రికార్డవదు. ఆ గొంతును ఉన్నదున్నట్టు వాద్యాల మధ్య పెడితే పాటలో కలవదు. మిక్సింగ్‌లో ఈ లోటు తీర్చేవి రివర్బ్, డిలే.

శబ్దం గోడలకు, కప్పుకు, నేలకు తగిలి లెక్కలేనన్ని ప్రతిధ్వనులుగా తిరిగొస్తుంది. చెవి విడదీయలేనంత దగ్గరగా వచ్చి, ఒకే మోతగా సన్నగిల్లితే అది రివర్బ్. దేనికది విడిగా వినిపిస్తే డిలే. మోత 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే సమయాన్ని రివర్బ్ నిడివిగా లెక్కిస్తారు.

1947లో షికాగోలో రికార్డింగ్ ఇంజనీరు బిల్ పట్నం రివర్బ్ కోసం ఒక స్నానాలగదిలో స్పీకరు, మైకు పెట్టి, అక్కడి మోతను హార్మోనికాట్స్ బృందం పాటలో కలిపాడు. 1957లో జర్మనీ నుంచి ఈఎంటీ 140 అనే రివర్బ్ యంత్రం వచ్చింది. పెట్టెలో వేలాడే పెద్ద ఉక్కు రేకు కంపించి గది మోతను పుట్టించేది. ఆ రేకు ధ్వనిని అనుకరించే ప్లగిన్లు ఇప్పుడు ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. గాత్రానికి నేటికీ చాలామంది ఆ ధ్వనినే ఎంచుకుంటారు.

తెలుగు పాటలో రివర్బ్‌కు మొదటి పరీక్ష ఒత్తుల దగ్గరే. ‘అటు’, ‘అట్టు’ అని పలికి చూస్తే, రెండో మాటలో నాలుక కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. ఆ క్షణకాలపు నిశ్శబ్దమే ఒత్తును వినిపిస్తుంది. పొడవాటి రివర్బ్ ఆ ఖాళీలోకి ముందు అచ్చు మోతను నింపితే ఒత్తు అరిగిపోతుంది, సాహిత్యం చెవికి అందదు. వేగంగా సాగే పాటకు ఒక సెకను నిడివే ఎక్కువ కావచ్చు. నెమ్మదైన జోలపాట రెండు సెకన్లనూ తట్టుకుంటుంది.

ప్రీ-డిలే ఇక్కడ ఆదుకుంటుంది. గొంతు వినిపించాక 30 నుంచి 60 మిల్లీసెకన్లు ఆగి రివర్బ్ మొదలయ్యేలా చేస్తే అక్షరం మొదలు స్పష్టంగా పడుతుంది, గొంతు ముందే నిలుస్తుంది, గది వెనక్కి జరుగుతుంది. ఈ విరామాన్ని సున్నా చేస్తే మనిషే గది చివరికి వెళ్లినట్టుంటుంది. రివర్బ్‌లో దాదాపు 300 హెర్ట్జ్‌కు దిగువనున్న భాగాన్ని కోసేయడం కూడా మంచి అలవాటు. బొంగురుగా మూగే మోత పోయి మృదంగానికీ బేస్‌కూ చోటు మిగులుతుంది.

డిలేకు పాట వేగమే కొలత. 60,000ను నిమిషానికి పడే బీట్లతో భాగిస్తే ఒక బీటు ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 100 బీట్ల పాటలో అది 600, అందులో సగం 300, ముప్పావు 450. లయకు కుదిరిన డిలే ప్రత్యేకంగా దృష్టికి రాదు, పాటను నిండుగా మాత్రం చేస్తుంది. మాటలు వరసగా వచ్చేచోట దాన్ని తగ్గించి, చరణం చివరి మాట దగ్గర పెంచితే సాహిత్యానికి అడ్డురాదు. గొంతు పలుచగా ఉన్నప్పుడు రివర్బ్ కుమ్మరించడం కన్నా 100 మిల్లీసెకన్ల పరిసరాల్లో ఒక్క డిలే చాలాసార్లు మేలు. 1950లలో మెంఫిస్‌లోని సన్ స్టూడియో టేపు యంత్రంతో రాబట్టినది ఇదే.

ప్రతి ట్రాకుకూ వేరే రివర్బ్ పెడితే ఒక్కో వాద్యం ఒక్కో ఊళ్లో మోగినట్టుంటుంది. ఒకటి రెండు రివర్బ్‌లను విడి ఛానళ్లలో పెట్టి, అన్ని ట్రాకుల నుంచీ తగుపాళ్లలో పంపడమే సరైన పద్ధతి. ఎంత పంపాలో తేల్చుకోవడానికి, రివర్బ్ వినిపించేదాకా పెంచి కొద్దిగా తగ్గించాలి. ఆపై పూర్తిగా ఆపి చూడాలి. ఆపినప్పుడు పాట వెలితిగా అనిపిస్తే పాళ్లు కుదిరినట్టే. చివరగా ఫోన్ స్పీకరులో, మోనోలో వినాలి. హెడ్‌ఫోన్లలో రెండు వైపులా పరుచుకున్న మోత అక్కడ ఒక్కచోటికి చేరి మాటలను కప్పేస్తుంటే, ముందు నిడివి తగ్గించాలి.